సైకిల్‌కు మోటారు పెట్టే ముందు వెనక చక్రం గాడి చూడండి

కాజీపేట ఫాతిమా బ్రిడ్జి సగం ఎక్కేసరికి నా సైకిల్ వెనక టక్కుమని చప్పుడైంది. మోటారు ఆగిపోయింది, చక్రం బిగుసుకుంది. దిగి చూస్తే వెనక ఇరుసు తను కూర్చున్న గాడిలోనే సగం చుట్టు తిరిగి ఉంది. ఇరుసు లోపల్నుంచి బయటికొచ్చే మోటారు వైరు దానికే మెలిపడి తెగింది. మోటారు కిట్టు బిగించి అప్పటికి 11 రోజులు. నట్లు నేనే బిగించాను, పానా ఇంక తిరగనంత గట్టిగా.

వెనక చక్రం ఎత్తిపట్టి నడిపించుకుంటూ తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ముప్పై ఏళ్లుగా సైకిళ్లే బాగుచేస్తున్న మనిషి. మోటారు వైపు ఆయన చూడనే లేదు. వెనక ఫోర్కు చివర ఇరుసు కూర్చునే గాడిలో వేలు పెట్టి తడిమాడు.

"మోటరుకేం కాలే బిడ్డా. గిది సూడు, గాడి నోరు తెరిసింది."

"నట్లు గట్టిగనే బిగించిన గద కాకా."

"నట్టు తప్పు గాదు. గీ గాడిని చక్రం బరువు మొయ్యనీకె జేసిన్రు. మెలితిప్పే బలాన్ని ఆపనీకె జెయ్యలే."

మౌంటెన్ బైకుకు మోటారు కిట్టు పెట్టుకుందామనుకునేవాళ్లు వరంగల్, హనుమకొండల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నన్ను అడిగేవాళ్లంతా ముందు అడిగేది ఎన్ని వాట్లు, ఎంత స్పీడు, ఎన్ని కిలోమీటర్లు అని. నేను మాత్రం సైకిల్‌ను తిరగేసి ఆ గాడి చూపించమంటాను. మోటారు పుట్టించే బలం ఎక్కడ మొదలై దేన్నెక్కి పోయి ఎక్కడ ఆనుతుందో చూస్తే కిట్టు ఎంపికలో ముక్కాలు వంతు తేలిపోతుంది.

ఇరుసు మీద పడే బలం

మామూలు సైకిల్లో వెనక ఇరుసు తిరగదు, దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. చైను లాగినప్పుడు ఇరుసు ముందుకు లాగబడుతుంది తప్ప మెలిపడదు. నట్టు వదులైతే చక్రం ఒక పక్కకు ఒరుగుతుంది, అంతే. చక్రం మధ్యలో కూర్చునే హబ్ మోటారు సంగతి వేరు. చక్రాన్ని ముందుకు తిప్పాలంటే మోటారు దేన్నో ఒకదాన్ని వెనక్కి తన్నాలి. తెప్ప మీంచి గట్టుకు దూకినప్పుడు తెప్ప వెనక్కి పోతుంది కదా, అలాగే. ఇక్కడ తన్ను తినేది ఇరుసు. చక్రానికి ఎంత మెలిబలం అందుతుందో అంతే బలం ఎదురు దిక్కున ఇరుసును తిప్పజూస్తుంది.

ఎంత బలం? లోపల చిన్న పళ్ల చక్రాలుండే 250 వాట్ల గేర్ హబ్ మోటారు ఎత్తు ఎక్కేటప్పుడు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల మెలిబలం ఇస్తుంది. అంకె చిన్నదే. కానీ ఈ ఇరుసు 12 మిల్లీమీటర్ల కడ్డీ. గాడిలో ఇమిడేలా రెండు పక్కలా చెక్కి 10 మిల్లీమీటర్ల మందానికి తెస్తారు. 40 న్యూటన్ మీటర్లను ఒక సెంటీమీటరు వెడల్పు మీద ఆపాలంటే గాడి అంచుల మీద పడేది సుమారు 4,000 న్యూటన్లు, అంటే 400 కిలోల బరువు ఆనినంత. కుడి ఎడమ గాడులు పంచుకున్నా చెరో 200 కిలోలు. అదీ ఒక్కసారి కాదు, పెడల్ తొక్కిన ప్రతిసారీ, ఆగి కదిలిన ప్రతిసారీ. నా సైకిల్ గాడి 11 రోజులు ఓర్చుకోవడమే ఎక్కువ.

దీనికి మందు టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ. ఒక కొసన ఇరుసు చెక్కుడుకు సరిగ్గా పట్టే రంధ్రం ఉంటుంది, రెండో కొసను ఫ్రేము పైపుకు క్లాంపుతో బిగిస్తారు. తిరగలి పిడి మధ్య కుదురుకు దగ్గరగా ఉంటే ఎంత బలం పెట్టాలి, అంచున ఉంటే ఎంత తేలిగ్గా తిరుగుతుంది? ఆ లెక్కే ఇక్కడా. ఒక సెంటీమీటరు దగ్గర 400 కిలోలుగా ఉన్నది 10 సెంటీమీటర్ల దూరంలో 40 కిలోలవుతుంది. ఆ బరువు ఫ్రేము పైపుకు లెక్కలోది కాదు. కిట్టుతో ఒక టార్క్ ఆర్మ్ వస్తే రెండోది కొనుక్కుని రెండు పక్కలా వేయండి. రంధ్రం ఇరుసుకు బిగుతుగా పట్టాలి. కొంచెం ఆట ఉన్నా ఇరుసు అటూ ఇటూ కొట్టుకుని, సుత్తితో రోజూ కొట్టినట్టు ఆ రంధ్రాన్నే అరగదీస్తుంది. పలుచటి రేకు ముక్కను టార్క్ ఆర్మ్ అని కిట్టులో పడేస్తుంటారు. చేత్తో వంగేదైతే పక్కన పెట్టేయండి.

ఫ్రేము లోహం కూడా చూడాలి. ఇనుప గాడి సాగుతుంది, నోరు తెరుస్తుంది, అంటే తెగే ముందు ఏదో ఒక గుర్తు ఇస్తుంది. అల్యూమినియం ఆ గడువు ఇవ్వదు, పగులు పడి ఒక్కసారిగా విరుగుతుంది. వెనక గాడి విరిగితే చక్రం పట్టేస్తుంది, సైకిల్ ఆగుతుంది. ముందు గాడి విరిగితే చక్రం ఊడి మనిషి తలకిందులుగా పడతాడు. మౌంటెన్ బైకుల ముందు షాక్ ఫోర్కు కింది భాగాలను మెగ్నీషియం, అల్యూమినియం మిశ్రమాలతో పోతపోస్తారు. వాటికి మోటారు ఇరుసు మెలిబలం ఆపే శక్తి లేదు. అందుకే మౌంటెన్ బైకుకు ముందు చక్రం మోటారు వద్దంటాను. బిగించడం తేలికని, వెనక గేర్లు కదిలించక్కర్లేదని దాన్నే సలహా ఇచ్చేవాళ్లుంటారు. ముందు ఫోర్కు గట్టి ఇనుముదైన పాత రోడ్డు సైకిల్ అయితే టార్క్ ఆర్మ్ వేసి ఆలోచించవచ్చు. షాకర్ ఉన్నదానికి మాత్రం వద్దు.

మీ సైకిల్ ఏ రకం?

మన దగ్గర లావు టైరు, ముందు షాకర్ ఉంటే చాలు దాన్ని ఎంటీబీ, అంటే మౌంటెన్ బైకు అనేస్తున్నారు. వాటిలో గేర్లు లేనివి, వెనక గాడుల మధ్య వెడల్పు తక్కువవి చాలా ఉంటాయి. గేర్ల సైకిల్ కోసం తయారైన హబ్ మోటారుకు సాధారణంగా 135 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. కాబట్టి వెనక చక్రం ఊడదీసి రెండు గాడుల లోపలి అంచుల మధ్య స్కేలు పెట్టి కొలవండి. ఇరుకైన ఫ్రేమును పట్టి లాగి వెడల్పు చేసే పని ఇనుముకు కొంతవరకు చేయొచ్చు, అల్యూమినియంకు అసలు చేయకూడదు.

తర్వాత గేర్ల దిమ్మ చూడాలి. మరలతో తిప్పి బిగించే ఫ్రీవీల్ ఒక రకం, గాడుల మీద తోసి పైన రింగుతో బిగించే క్యాసెట్ ఇంకో రకం. మోటారు కూడా ఆ రెంటిలో దేనికో ఒకదానికే వస్తుంది. డిస్క్ బ్రేకు ఉంటే మోటారుకు డిస్కు బిగించే ఆరు బోల్టుల చోటు ఉందా, మోటారు పొట్ట డిస్కును నొక్కే క్యాలిపర్‌కు తగులుతుందా అన్నది కొనకముందే తేల్చుకోండి. నాకు తెలిసి ఎక్కువ కిట్లు వెనక్కి పోయేది ఈ ఒక్క కారణానికే.

చక్రం సైజు ఇంకో మెలిక. మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలన్నది తయారీలోనే తీగ చుట్టు, గేర్లను బట్టి తేలుతుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.07 మీటర్లు పోతుంది, నిమిషానికి 200 చుట్లయితే గంటకు 25 కిలోమీటర్లు. 29 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.3 మీటర్లు పోతుంది, దానికి 180 చుట్లు చాలు. చిన్న చక్రానికి చేసిన వేగపు మోటారును పెద్ద చక్రంలో పెడితే గరిష్ఠ వేగం పెరిగినట్టు అనిపిస్తుంది గానీ ఎత్తుల దగ్గర ఆయాసపడుతుంది. రిమ్ముతో సహా అల్లి వచ్చే చక్రం కొంటే మీ సైజు చెప్పి కొనాలి. మోటారు ఒక్కటే కొంటే దాన్ని మీ రిమ్ములో అల్లడం ఇక్కడి మెకానిక్కులకు కొత్త పనేం కాదు. మోటారు అంచు పెద్దది కాబట్టి స్పోకులు పొట్టిగా, లావుగా కావాలి, 12 లేదా 13 గేజువి. రిమ్ముకు 36 రంధ్రాలున్నాయో 32 ఉన్నాయో ముందే లెక్కపెట్టుకోవాలి.

డబల్ షాకర్ సైకిళ్లను నేను ఎంచుకోను. బ్యాటరీ పెట్టే చోటే ఉండదు, క్యారియర్ మీద పెడితే ప్రతి గుంతకూ అది వెనక నుంచి తోస్తుంది. ముందు షాకర్ మాత్రమే ఉండి వెనక గట్టిగా ఉండే ఇనుప ఫ్రేము, దానికి డిస్క్ బ్రేకు ఉన్నది దొరికితే అంతకన్నా మంచి మొదలు లేదు.

ఎంత శక్తి కావాలి

మనిషి 75 కిలోలు, సైకిల్, కిట్టు, బ్యాటరీ కలిపి 25 కిలోలు, మొత్తం 100 అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 22 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే గాలికి 80, టైర్ల రాపిడికి 60, మొత్తం 140 వాట్లు చాలు. అలవాటున్న మనిషి ఆయాసం లేకుండా 75 నుంచి 100 వాట్లు తొక్కగలడు. మోటారు ఇవ్వాల్సింది మిగిలిన కాస్తే. అదే 100 మీటర్లకు 6 మీటర్లు లేచే ఎత్తును గంటకు 15 కిలోమీటర్లతో ఎక్కాలంటే 300 వాట్ల పైమాట. మీరు 100 తొక్కితే మోటారు 200 ఇవ్వాలి. కాజీపేట నుంచి పోచమ్మ మైదాన్ దాకా, హనుమకొండ చౌరస్తా నుంచి హసన్‌పర్తి దాకా ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

చట్టం గీసిన గీత కూడా అక్కడే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం 30 నిమిషాల పాటు ఇవ్వగల శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉన్న బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికి రాదు. పెడల్ సాయపు సైకిలైతే వేగం 25కు చేరేకొద్దీ మోటారు శక్తి తగ్గుతూ పోయి ఆగిపోవాలి, తొక్కడం ఆపితే ముందే ఆగాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. 500, 750, 1,000 వాట్ల కిట్లు కూడా అమ్ముతున్నారు. అవి బిగించిన సైకిల్ చట్టం దృష్టిలో సైకిల్ కాదు. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్సు లేని మోటారు వాహనం. ఎవరినైనా తగిలితే అప్పుడు తెలుస్తుంది దాని బరువు.

ఆ 30 నిమిషాల మాట పట్టించుకోదగింది. మోటారు మీద రాసిన 250 అన్నది అది వేడెక్కి పాడవకుండా చాలాసేపు ఇవ్వగల శక్తి. కొద్దిసేపు అంతకన్నా ఎక్కువే లాగుతుంది. 36 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల కంట్రోలర్ (మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే పెట్టె) ఉంటే ఎత్తు దగ్గర బ్యాటరీ నుంచి 540 వాట్లు పోతుంటాయి. ఆ తేడాలో కొంత కదలికగా మారుతుంది, మిగిలింది మోటారు లోపల వేడి.

హబ్బా, మిడ్ డ్రైవా

ఆ వేడే హబ్ మోటారుకు, పెడళ్ల దగ్గర బిగించే మిడ్ డ్రైవ్‌కు మధ్య అసలు తేడా. హబ్ మోటారుకు ఒకటే గేరు. నిమిషానికి 200 చుట్ల కోసం తయారైనది బాగా నిటారు ఎత్తులో 60, 70 చుట్లకు పడిపోతే మింగిన కరెంటులో సగం దాకా వేడికే పోవచ్చు. గేర్ హబ్ లోపల చిన్న నైలాన్ పళ్ల చక్రాలుంటాయి, వేడికి మెత్తబడి అరిగేవి అవే. మిడ్ డ్రైవ్ మోటారు తన బలాన్ని చైను మీద పెడుతుంది కాబట్టి సైకిల్ గేర్లు దానికీ పనికొస్తాయి. ఎత్తు రాగానే వెనక పెద్ద పళ్ల చక్రానికి మార్చితే మోటారు తనకు హాయైన వేగంలోనే తిరుగుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ లాంటి చోట్ల రోజూ తిరిగేవాళ్లకు అదే సరైనది. బాఫాంగ్, టాంగ్‌షెంగ్ పేర్లతో దొరికేవి ఈ రకమే. పెడల్ ఇరుసు ఉండే గొట్టం 68 లేదా 73 మిల్లీమీటర్ల వెడల్పుతో మరలున్నదై ఉండాలి.

వాటికీ ఖర్చుంది. మనిషి కాలు, మోటారు రెండూ ఒకే చైనును లాగుతాయి, చైను, పళ్ల చక్రాలు తొందరగా అరుగుతాయి. మోటారు లాగుతుండగా గేరు మారిస్తే చైను తెగొచ్చు. వరంగల్ చుట్టుపక్కల నేల ఎక్కువగా చదునే. బ్రిడ్జిలు, చెరువు కట్టలు, దేవునూరు గుట్టల వైపు మట్టి బాటలు, అంతే మన ఎత్తులు. నా మటుకు వెనక గేర్ హబ్ చాలు. గేర్లు లేకుండా నేరుగా తిరిగే డైరెక్ట్ డ్రైవ్ హబ్ ఒకటుంది. చప్పుడు చేయదు, బ్రేకు వేసినప్పుడు కాస్త కరెంటు బ్యాటరీకి తిరిగిస్తుంది. అయితే అది బరువు, కరెంటు లేనప్పుడు తొక్కాలంటే కాళ్లు పట్టేస్తాయి. పైగా బ్రేకు వేసిన ప్రతిసారీ ఇరుసును ఎదురు దిక్కుకు తిప్పి నట్లను వదులు చేస్తుంది. ఇక్కడ దాన్ని తీసుకోవడానికి కారణం నాకు కనపడదు.

బ్యాటరీ

కిట్టులో డబ్బు పెట్టాల్సింది మోటారు మీద కాదు, ఇక్కడ. ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే.

36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ లోపల 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న సెల్లులుంటాయి. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు. వాటిని 10 వరసగా కలిపితే 36 వోల్టులు. ఒక్కో మెట్టు దగ్గర ఎన్ని సెల్లులు పక్కపక్కన కలిపారన్నది అసలు ప్రశ్న. మోటారు 15 ఆంపియర్లు లాగితే, నాలుగు సెల్లులు పంచుకుంటే తలా 3.75 ఆంపియర్లు. రెండే ఉంటే తలా 7.5. నలుగురు మోయాల్సిన మంచాన్ని ఇద్దరు మోసినట్టు అవి అలసిపోతాయి. బ్రిడ్జి ఎక్కేటప్పుడు వోల్టేజి దబ్బున పడి మోటారు కట్టవుతుంది, సెల్లులు వేడెక్కుతాయి, ఏడాదికే సగం చచ్చిపోతాయి. చిన్న బ్యాటరీ చవకని తీసుకున్నవాళ్లు రెండోసారి కొనేది అందుకే. కొనేటప్పుడు ఎన్ని సెల్లులు, ఏ కంపెనీవి, బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లది అని నోరు తెరిచి అడగండి. బీఎంఎస్ అంటే సెల్లులను కాచే సర్క్యూట్. ఏ సెల్లు మరీ ఎక్కినా, మరీ దిగినా అది కరెంటు ఆపేస్తుంది. చెప్పడానికి సంకోచించే దుకాణంలో కొనకండి.

ఎంత దూరం పోతుందన్న లెక్క తేలికే. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360. నిజాయితీగా తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు 8 నుంచి 12 ఖర్చవుతుంది, అంటే 30 నుంచి 45 కిలోమీటర్లు. కాలు కదపకుండా స్కూటర్ యాక్సిలరేటర్ లాంటి థ్రాటిల్ తిప్పి కూర్చుంటే 15 పైనే పోతుంది, 20, 24 కిలోమీటర్లకే అయిపోతుంది. రామప్ప దాకా పోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. హనుమకొండ నుంచి 65 కిలోమీటర్ల పైమాట. థ్రాటిల్ మీద దారి సగం చేరకముందే ఆగిపోతారు. సాయం అన్నిటికన్నా తక్కువ మెట్టులో పెట్టి, కిలోమీటరుకు 5 మించకుండా సొంతంగా తొక్కగలిగితే పోవచ్చు. తిరిగి రావాలంటే ఛార్జరు సంచిలో ఉండాలి. కరెంటు ఖర్చు చూస్తే, నిండా ఎక్కించడానికి నష్టాలతో కలిపి అర యూనిట్ కూడా పట్టదు. యూనిట్ పది రూపాయలనుకున్నా ఐదు రూపాయల లోపే.

ఛార్జరు దగ్గర పొరపాటు క్షమించదు. 36 వోల్టుల లిథియం అయాన్‌కు ఛార్జరు 42 వోల్టులది, అంటే సెల్లుకు 4.2. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 12 సెల్లుల వరసకు 43.8 వోల్టుల ఛార్జరు ఉంటుంది. దాన్ని తెచ్చి మీ బ్యాటరీకి పెడితే సెల్లుకు 4.38 ఎక్కుతుంది. 48 వోల్టుల బ్యాటరీది 54.6. వీటన్నిటికీ చాలాసార్లు పిన్ను ఒకటే, గుచ్చితే దూరిపోతుంది. బీఎంఎస్ ఆపాలి, ఆపుతుంది కూడా. అయినా ఇంటి మొత్తానికి ఆ ఒక్క చిప్పునే కాపలా పెట్టొద్దు. ఛార్జరు మీద పెద్ద అక్షరాలతో 42 అని రాసి అంటించండి. ఇంట్లో రెండు రకాల బళ్లుంటే మరీ అవసరం.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం వరంగల్‌లో గాలే 43, 44 డిగ్రీలుంటుంది, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. ఎండలో నిలబెట్టిన సైకిల్ మీద నల్లటి బ్యాటరీ డబ్బా ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూడండి. ఆఫీసు ముందు సైకిల్ వదిలినా బ్యాటరీ తీసి నీడలో పెట్టుకోండి. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకండి, చల్లారనివ్వండి. నేను పొద్దున ఐదింటికి లేచి పెడతాను, చల్లటి గచ్చు మీద, మంచాలకూ పరదాలకూ దూరంగా. గడప దగ్గర, మెట్ల కింద పెట్టకూడదు. ఏదైనా జరిగితే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. పడుకునే ముందు పెట్టి నిద్రపోవడం అస్సలు వద్దు. ఊరెళ్తే నిండా ఎక్కించి వదలకుండా 37, 38 వోల్టుల దగ్గర ఉంచండి. నిండు ఛార్జ్, వేడి రెండూ కలిస్తే బ్యాటరీ వాడకుండానే ముసలిదవుతుంది.

వాన

వాన తడిని హబ్ మోటారు ఓర్చుకుంటుంది, మునకను కాదు. నీరు దూరేది ఇరుసులో వైరు బయటికొచ్చే రంధ్రం దగ్గరే. అక్కడ వైరును నేరుగా పైకి లాగకుండా ముందు కిందికి జారేలా ఒక వంపు ఇవ్వండి, నీటి చుక్క ఆ వంపు నుంచి కింద పడిపోతుంది. వైరును సైకిల్ గొట్టం వెంట బిగించిన తీరు తప్పయితే అదే చుక్క మోటారు లోపలికి దారి పడుతుంది. 2023 జూలై వానలకు నగరం మునిగిన రోజులు గుర్తున్నవాళ్లకు అండర్ బ్రిడ్జి కింద ఎంత నీళ్లు నిలుస్తాయో చెప్పక్కర్లేదు. ఇరుసు ఎత్తు దాకా నీళ్లుంటే దిగి వెనక్కి తిరగండి.

ఆపే శక్తి

గంటకు 15 కిలోమీటర్లతో పోయే 100 కిలోల బరువులో ఉండే చలనశక్తి 870 జౌల్స్. 25తో పోతే 2,400. వేగం రెండింతలు కూడా కాలేదు, బ్రేకు మింగాల్సింది దాదాపు మూడింతలైంది. పాత సైకిళ్ల ఇనుప రిమ్ము మీద రబ్బరు బ్రేకు వానలో దాదాపు జారిపోతుంది. అలాంటి సైకిల్‌కు మోటారు కన్నా ముందు అల్యూమినియం రిమ్ము, మంచి ప్యాడ్లు కావాలి.

కిట్టుతో వచ్చే బ్రేకు లీవర్లలో మోటారును ఆపే స్విచ్చు ఉంటుంది. చాలామంది పాత లీవర్లే బాగున్నాయని దాన్ని వదిలేస్తారు. పెడల్ పక్కన బిగించే అయస్కాంతాల పళ్లెం, దాని ఎదురుగా ఉండే సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూస్తాయి, ఎంత బలంగా తొక్కుతున్నారో చూడవు. మీరు కాలు ఆపాక కూడా మోటారు ఓ అర సెకను తోస్తూనే ఉండొచ్చు. చౌరస్తాలో ముందు ఆటో ఉన్నట్టుండి ఆగినప్పుడు ఆ అర సెకను పెద్దది. ఆ లీవర్లు బిగించండి. కాలి బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ ఉన్న కిట్టు ధర ఎక్కువే, కానీ మట్టి బాటల మీద తేడా కాళ్లకే తెలుస్తుంది. మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా సాయం అందుతుంది, సైకిల్ ఉలిక్కిపడదు.

నా సైకిల్ గాడిని ఆ మెకానిక్ కాకా గ్యాస్ వెల్డింగుతో నింపి, ఆకురాయితో 10 మిల్లీమీటర్లకు మళ్లీ కోశాడు. ఇనుము కాబట్టి కుదిరింది. మందపాటి ఇనుప పట్టీ తెచ్చి రెండు టార్క్ ఆర్ములు తనే చేసి బిగించాడు. 50 కిలోమీటర్లు తొక్కి మళ్లీ తీసుకురమ్మన్నాడు. తీసుకుపోతే ఇరుసు నట్లు పావు చుట్టు తిరిగాయి, స్పోకుల్లో ఆరు వదులయ్యాయి. కొత్తగా అల్లిన చక్రం కుదురుకునేటప్పుడు అవి వదులవుతాయట. బెండు తీసి, బిగించి, ఇరుసు నట్టు మీద, ఫ్రేము మీద కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీశాడు.

"రోజు ఎక్కేముందు గీ గీత సూడు. నట్టు మీది గీత, ఫ్రేము మీది గీత కలిసి ఉంటె ఎక్కు. కొంచెం జరిగినా నడిపించుకుంట రా."

ఏడు నెలలైంది. పొద్దున టైర్లలో గాలి చూసే ముందు ఆ గీతే చూస్తున్నాను.